అడవి పుట్టగొడుగుల బొమ్మలు: ముందు రంగు, తర్వాతే ఆకారం

అడవిలో కనిపించిన పుట్టగొడుగుల్ని ఇంటికి తెచ్చేసరికి వాడిపోతున్నాయి, ఫోటో చూసి వేస్తే జీవం రావట్లేదు, ఏం చేయాలని అడిగారు. నాకు ప్రాణమైన విషయం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

రంగు అక్కడే పట్టుకోవాలి. చాలా రకాల్లో గొడుగు తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉండి, ఆరేకొద్దీ పాలిపోతుంది. అందుకే నేను గీత గీయకముందే గొడుగు రంగు, కాడ రంగు, అడుగు రంగు విడివిడిగా కలిపి కాగితం అంచున పూసి పెట్టుకుంటాను. ఆకారం ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చు. ఫోటో కూడా తీస్తాను, కానీ ఏ చెట్టు కింద ఎలా పెరిగిందో గుర్తుండటానికే. చెట్ల నీడలో ఫోన్ చూపించే రంగును నమ్మలేం.

బొలీట్ రకాలు దొరికితే బ్రష్ తడిపి పెట్టుకుని మరీ కోయండి. వాటి గొడుగు అడుగున రేకులు (కాడ నుంచి అంచు వైపు సాగే పలచటి మడతలు) ఉండవు, స్పాంజిలా సన్నటి రంధ్రాలుంటాయి. కొన్నింటిని నిలువుగా చీలిస్తే లోపలి పసుపు కండకు గాలి తగిలి, చూస్తుండగానే నీలం పాకుతుంది. ఆ పసుపు, ఆ నీలం కలిసే అంచును తడి మీద తడి రంగుతో వేయడంలో ఉన్న ఆనందం ఇంకే బొమ్మలోనూ నాకు దొరకలేదు.

రేకులున్న రకాల్లో అందరూ చేసే పని, వాటిని వరసగా గీతలు గీసేయడం. దగ్గరగా చూడండి: అన్ని రేకులూ కాడ దాకా రావు, పొడవైన వాటి మధ్య పొట్టివి అంచు దగ్గరే ఆగిపోతాయి. రేకును వదిలేసి, రేకుల మధ్య నీడకే రంగు వేస్తే లోతు దానంతటదే వస్తుంది.

కాడను విరవకుండా కత్తితో మట్టి లోంచి మొదలంటా తీయండి. అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలో చాలావాటికి కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది, అది తరచూ మట్టిలోనే దాగి ఉంటుంది. అది లేకపోతే బొమ్మ సగమే. పిల్లల కథలతో పేరుపొందిన బియాట్రిక్స్ పాటర్ 1890ల్లో వందల పుట్టగొడుగుల్ని నీటిరంగుల్లో వేశారు. వాటిలో చాలా ఇంగ్లండ్‌లోని ఆర్మిట్ మ్యూజియంలో ఉన్నాయి. నిలువుగా కోసిన ముక్కల్ని కూడా ఆమె ఎంత శ్రద్ధగా వేశారో చూసి తీరాలి.

ఇంటికి తెచ్చేవాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, చెమ్మ పట్టి కుళ్లుతాయి. కాగితం సంచి మేలు. గొడుగును సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా ఉంచితే స్పోర్లు (విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి) రాలి రేకుల అచ్చు పడుతుంది. తెల్ల స్పోర్లు నలుపు మీదే కనిపిస్తాయి. ఇంక్ క్యాప్ రకాలు మాత్రం ఆగవు, అంచు నుంచి కరిగి నల్లటి సిరా అయిపోతాయి. ఆ సిరాతోనే వాటి బొమ్మ వేయొచ్చు!

ముట్టుకుంటే విషం ఎక్కదు, చేతులు కడుక్కుంటే చాలు. బ్రష్ మొనను నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానేయండి. బొమ్మ వేయగలిగాం కదా, గుర్తుపట్టేశాం అనుకుని వండొద్దు. డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన పుట్టగొడుగు విషం ఉడికించినా పోదు.

కోయకూడదని నిబంధన ఉన్నచోట చిన్న అద్దాన్ని గొడుగు కిందికి జరపండి. రేకులు అందులో చక్కగా కనిపిస్తాయి, అక్కడే కూర్చుని వేసుకోవచ్చు.