గాలి రోజున బాస్ బోటు: నడుము విరక్కుండా, లోపలికి నీళ్ళు రాకుండా నడపడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో ఉంటారు, 150 హార్స్‌పవర్ మోటారున్న బాస్ చేపలు పట్టడానికి 18 అడుగుల పాత బాస్ బోటు కొన్నారు. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న లేక్ టెక్సోమాలో మధ్యాహ్నం గాలి లేచింది. ఎదురు అలల్లో తిరిగి వస్తుంటే మీ ఆవిడకి నడుము పట్టేసింది, ఒకసారి ముందు డెక్ మీదుగా నీళ్ళు లోపలికి వచ్చేశాయి. స్పీడు తగ్గించాలా, పెంచాలా, లేక ఇంకా పెద్ద బోటు కొనుక్కోవాలా అని అడిగారు. నేనూ డాలస్ పక్కనే ఉంటాను. కొన్నేళ్ళుగా ఇంచుమించు ఇదే సైజు బోటు టెక్సోమాలోనూ, లూయిస్‌విల్‌లోనూ నడుపుతున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందుగా ఒక అనుమానం. మీ బోటులోకి నీళ్ళు రావడానికి కారణం స్పీడు ఎక్కువ కావడం కాకపోవచ్చు. ఎదురుగా పెద్ద అల కనబడగానే థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే మీట) ఒక్కసారిగా వదిలేసి ఉంటారు. అలా వదిలితే స్పీడుకి పైకి లేచి నీటి పైపైన తేలుతూ పోతున్న బోటు ముక్కు దభీమని దిగుతుంది. సరిగ్గా అప్పుడే తర్వాతి అల వచ్చి డెక్ మీదికి ఎక్కుతుంది. కారులో భయం వేస్తే బ్రేకు తొక్కడం మనకి అలవాటు, చెయ్యి అదే పని చేస్తుంది. బోటులో బ్రేకు లేదు. ముక్కును పైన నిలబెట్టేది వెనక నుంచి ఇంజిన్ ఇచ్చే తోపుడే. అందుకే స్పీడు ఎంత అని మీటరు చూడటం కన్నా ముక్కు ఎంత ఎత్తులో ఉందో చూస్తూ నడపండి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

బాస్ బోటు నిలబడి గాలం వేసుకోవడానికి చేసిన బోటు. అంచులు నీటికి బాగా దగ్గరగా ఉంటాయి, ముందంతా చదునైన డెక్కు. అడుగు భాగం ముక్కు దగ్గర వి ఆకారంలో పదునుగా మొదలై వెనక్కి వచ్చేసరికి దాదాపు చదునైపోతుంది. స్పీడుగా, ముక్కు ఎత్తుకుని పోతున్నప్పుడు నీటిని తాకేది ఆ వెనక చదును భాగమే. నీళ్ళ మీద అరచేత్తో ఒకసారి, చెయ్యి అంచుతో ఒకసారి కొట్టి చూడండి, మీ ఆవిడ నడుముకి ఏం జరిగిందో అర్థమవుతుంది.

కాబట్టి ఎదురు అలల్లో మొదటి పని మోటారు వంపు మార్చే ట్రిమ్ బటన్ కిందికి నొక్కి మోటారును లోపలికి తేవడం. ముక్కు దిగి, ఆ పదునైన వి భాగం అలను కోస్తుంది. మోటారు ఎత్తు మార్చే జాక్ ప్లేట్ ఉంటే అదీ కిందికి దించండి, దించకపోతే ప్రతి అల మీదా ప్రాప్ (ప్రొపెల్లర్) గాల్లోకి లేచి ఇంజిన్ గుయ్యిమని అరుస్తుంది. అయితే పూర్తిగా దించేస్తే స్టీరింగ్ బరువెక్కి, ముక్కు నేల దున్నినట్టు పోతూ బోటు ఒక పక్కకి లాగుతుంది. అలా లాగడం మొదలవగానే బటన్ పైకి ఒక్కసారి తట్టి వదిలేయండి. నేను గమనించే గుర్తు తుంపర. అది డ్రైవరు సీటుకి కాస్త ముందు నుంచి రెండు పక్కలకీ విచ్చుకుంటుంటే ట్రిమ్ సరిపోయినట్టు. బాగా వెనక నుంచి లేస్తుంటే ముక్కు ఇంకా గాల్లోనే ఉందని అర్థం.

రెండో పని, అలకి నేరుగా ఎదురెళ్ళకపోవడం. ముప్పై నలభై డిగ్రీలు పక్కకి తిప్పి ఏటవాలుగా ఎక్కండి. దెబ్బ ఒక్కసారిగా తగలకుండా అంచు నుంచి మొదలై సాగుతుంది. గమ్యం నేరుగా ఎదురుగా ఉంటే కాసేపు కుడికి, కాసేపు ఎడమకి వంకర టింకరగా వెళ్ళడమే. దూరం పెరుగుతుంది, కానీ నడుము మిగులుతుంది. స్పీడు మాటకొస్తే, బోటు అలా పైకి లేచి నీటి పైపైన తేలుతూ ఉండటానికి సరిపోయేంత చాలు. మీలాంటి బోటుకి అది గంటకి ఇరవై మైళ్ళు, కాస్త అటూ ఇటూ. థ్రాటిల్‌ను ఒకచోట పెట్టేసి వదలకండి. అల ఎక్కేటప్పుడు కొంచెం ఇవ్వాలి, శిఖరం మీదికి రాగానే కొంచెం తగ్గించాలి, ముక్కు అవతలికి దిగుతుండగానే మళ్ళీ ఇవ్వాలి. కాలితో తొక్కే థ్రాటిల్ ఉంటే రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంటాయి, అది లాభమే. కానీ కుదుపుకి పాదం దానంతటదే తొక్కేస్తుంది, మడమ నేలకి గట్టిగా ఆనించి పెట్టుకోవాలి.

ఇక వెనక నుంచి తరిమే అలలు. చాలామందికి ఇవి సుఖంగా అనిపిస్తాయి, నాకైతే వీటికే భయం. గాలి తోస్తుంటే బోటు తేలిగ్గా పోతుంది, స్పీడు పెరుగుతుంది, ముందున్న అలను దాటి దాని అవతలి పల్లంలోకి ముక్కు గుచ్చుకుంటుంది. డెక్ మీదుగా వచ్చే నీళ్ళు మామూలుగా ఉండవు, ఒక ఘనపుటడుగు నీళ్ళే 28 కిలోలు. ఇక్కడ ట్రిమ్ పైకి ఉండాలి, ముక్కు ఎత్తుగా ఉండాలి. ముందున్న అల వీపు మీద నెమ్మదిగా ఎక్కి, శిఖరం దగ్గర తొందరపడకుండా దాటాలి. అలాగని పూర్తిగా నెమ్మదించి ఐడిల్‌లో పెట్టారా, వెనక నుంచి వచ్చిన అల మోటారు దగ్గరున్న తక్కువ ఎత్తు గోడ మీదుగా లోపలికి వస్తుంది. పొరపాటున ముందు నుంచి నీళ్ళు ఎక్కినా బిత్తరపోయి థ్రాటిల్ మూసేయకండి. బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంప్ ఆన్ చేసి, ముక్కు పైకి లేచేంత పవర్ ఇస్తే చాలా నీళ్ళు వెనక్కి పారి బయటికి పోతాయి.

పక్క నుంచి వచ్చే అలలకి సమాంతరంగా ఎక్కువసేపు వెళ్ళొద్దు, వంకర టింకర పద్ధతే మేలు.

శని, ఆదివారాల్లో గాలి లేకపోయినా టెక్సోమాలో పెద్ద పెద్ద క్రూయిజర్లు తిరుగుతాయి. వాటి వెనక వరసగా వచ్చే మూడు నాలుగు అలలు గాలి అలల కన్నా నిటారుగా ఉంటాయి. దూరంగా ఉండగానే నెమ్మదించండి. మీ సొంత అల మీ వెనక నుంచి వచ్చి కిందుగా దాటిపోనివ్వండి. తర్వాత ట్రిమ్ పైకి, ఏటవాలుగా తిరిగి, ఒక్కొక్క అల ముక్కు దగ్గరికి రాగానే చిన్నగా పవర్ ఇచ్చి ఎత్తుకుంటూ దాటండి. దగ్గరికొచ్చాక సడన్‌గా ఆపడమే అన్నిటికన్నా చెడ్డ పని.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. పట్టిన చేపల్ని బతికి ఉంచే తొట్టి, అంటే లైవ్‌వెల్‌లో, ముప్పై గ్యాలన్ల నీళ్ళుంటే దాదాపు 113 కిలోలు, అదీ బోటు వెనకే. ఎదురు అలల్లో వెళ్ళేటప్పుడు చేపలు లేకపోతే దాన్ని ఖాళీ చేసేస్తాను, ముక్కు దించడం తేలికవుతుంది. వెంటపడే అలల్లో అయితే ఆ బరువు ఉండనిస్తాను, ముందు డెక్ కింద పెట్టెల్లో సీసం గుళ్ళున్న డబ్బాలు తీసి వెనక్కి మారుస్తాను. ముందు డెక్ మీద ఉండే చిన్న కరెంటు మోటారుకి, అంటే ట్రోలింగ్ మోటారుకి, కచ్చితంగా బెల్టు బిగించాలి. ఒకసారి మా బావమరిది ఆ బెల్టు సరిగ్గా వెయ్యలేదు. మోటారు తల డెక్ మీద టకటకా కొట్టుకోవడం మొదలైంది. దాన్ని పట్టుకుందామని ఆయన కదులుతున్న బోటులో ముందుకి లేచి వెళ్ళబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ముందు డెక్ మీద స్తంభం సీటు మీద గానీ, అంచున గానీ, బోటు పరుగెడుతున్నప్పుడు ఎవరూ ఉండకూడదు.

కూర్చునే తీరు. మీ ఆవిడకి చెప్పండి, వీపు సీటుకి ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుంటే ప్రతి దెబ్బా వెన్నుపూస తింటుంది. పాదాలు నేలకి తన్నిపెట్టి, మోకాళ్ళు వంచి, హ్యాండిల్ పట్టుకుని, పెద్ద అల వస్తుంటే తొడల మీద బలం వేసి సీటు నుంచి కాస్త లేవాలి. అల వస్తోందని ముందే కేక వెయ్యడం డ్రైవరు బాధ్యత. డ్రైవరుకి స్టీరింగ్ ఆధారం ఉంటుంది, అల కూడా కనబడుతుంది. పక్కన కూర్చున్న వాళ్ళకి రెండూ ఉండవు, అందుకే వాళ్ళకే ఎక్కువ దెబ్బ. ఎండ ఉన్నా టోపీ ఉన్న రెయిన్‌కోటు, కళ్ళద్దాలు ఉంచండి. మార్చిలో నీళ్ళు చల్లగా ఉంటాయి, తడిసి గంటసేపు గాలిలో కూర్చుంటే మనిషి వణికిపోతాడు, ఆలోచన కూడా మందగిస్తుంది.

కిల్ స్విచ్ తాడు (డ్రైవరుకి కట్టుకునేది, ఆయన పడిపోతే ఇంజిన్ ఆగిపోతుంది) గురించి వాదన అనవసరం. టెక్సస్‌లో 2019లో వచ్చిన కాలీస్ లా ప్రకారమూ, 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ చట్టం ప్రకారమూ ఇలాంటి బోట్లకి అది తప్పనిసరి. లైఫ్ జాకెట్ పదమూడేళ్ళ లోపు పిల్లలకి చట్టం, గాలి రోజున నా బోటులో అందరికీ చట్టం. గాలి ఊదుకునే రకం కన్నా ఫోమ్ రకమే నాకు నమ్మకం. ఇరవై అడుగుల లోపు ఔట్‌బోర్డ్ (మోటారు వెనక బయట తగిలించిన) బోట్లు నీళ్ళు నిండినా తేలేలా తయారుచేయాలన్న నిబంధన అమెరికాలో ఉంది. కాబట్టి ఏదైనా జరిగితే బోటు వదిలి ఒడ్డుకి ఈదబోవద్దు. ఇంజిన్ ఆగిపోతే ట్రోలింగ్ మోటారు దించి ముక్కును గాలికి ఎదురుగా పట్టుకోండి, అది చాలకపోతే లంగరు వెయ్యండి. లంగరు ముందు నుంచే, వెనక నుంచి ఎప్పుడూ కాదు. వెనక కడితే బోటు వెనక భాగం అలకి ఎదురై మునుగుతుంది.

ఇవన్నీ అటుంచి, సగం పని ఇంట్లో ఫోన్ చూస్తూనే అయిపోతుంది. టెక్సోమా 1944లో రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ పూర్తయ్యాక ఏర్పడింది, దాదాపు 89,000 ఎకరాలు. గంటకి ఇరవై మైళ్ళ గాలి అలాంటి నీటి మీద ఐదారు మైళ్ళు అడ్డులేకుండా సాగితే రెండడుగుల దాకా అలలు లేస్తాయి. రెండడుగులేగా అనిపిస్తుంది, కానీ రెండు మూడు సెకన్లకొకటి వస్తుంది, ఒక దాని మీద నుంచి దిగేలోపు ఇంకొకటి. వసంతకాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి. అప్పుడు టెక్సస్ వైపు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, ఓక్లహోమా వైపు చితక్కొట్టేస్తుంది. టెక్సస్ ఒడ్డునున్న ఐజన్‌హవర్ స్టేట్ పార్క్‌లో బోటు నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర నీళ్ళు అద్దంలా ఉండటం చూసి బయల్దేరితే, అవతలికి హాయిగా వెళ్తారు, తిరిగి రావడం అంతా ఎదురు అలల్లో. మీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను. చలికాలంలో ఉత్తరపు గాలి దిగితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఆ ర్యాంపు దగ్గరే అలలు మోదుతుంటాయి, బోటు ట్రైలర్ ఎక్కించడం నరకం.

అందుకని నేను గంట గంటకీ గాలి ఎటు మారుతుందో చూసి, గాలి ఏ ఒడ్డు నుంచి వస్తుందో ఆ ఒడ్డు పక్కనే చేపలు పడతాను. చేపలు గాలి కొట్టే ఒడ్డునే ఉంటాయని అంటారు, నిజమే, కానీ దాని కోసం సరస్సు అడ్డంగా దాటను. తిరుగు దారి కూడా ఒడ్డు వెంబడే, రెట్టింపు దూరమైనా. అలల తలలు తెల్లబడి, గాలి ఇంకా పెరుగుతోందంటే ఏదో ద్వీపం వెనకో, వంక లోపలో చేరి ఆగిపోతాను. గాలి చాలాసార్లు సూర్యాస్తమయం వేళకి తగ్గుతుంది. మరీ కాదంటే దగ్గరలో ఉన్న మెరీనాలో బోటు కట్టేసి, ఊబర్‌లో వెళ్ళి ట్రక్కు తెచ్చుకోవచ్చు. ఆ ఖర్చుకి బాధపడొద్దు.

పెద్ద బోటు మాట. 21 అడుగులది ఒక అలకీ ఇంకో అలకీ మధ్య బాగా ఆనుతుంది, దెబ్బ తగ్గుతుంది, అది నిజం. కానీ అంచులు దానికీ కిందే ఉంటాయి, నీళ్ళు దానిలోకీ వస్తాయి. అంత డబ్బు పెట్టేముందు రెండు చిన్న మార్పులు చేసి చూడండి. ఒకటి, పక్క సీటు కింద సస్పెన్షన్ బేస్. రెండు, మీకు మూడు రెక్కల ప్రాప్ ఉంటే నాలుగు రెక్కలది. వెనక భాగాన్ని ఎత్తిపట్టే రకం తీసుకుంటే ఇంకాస్త తక్కువ స్పీడులో కూడా బోటు నీటి మీద తేలుతూ ఉంటుంది, ఎదురు అలల్లో మీకు కావలసింది అదే. పై స్పీడు ఒకటి రెండు మైళ్ళు తగ్గొచ్చు. మీ ప్రాప్ మీద చెక్కి ఉన్న అంకెలు, మోటారు ఏ కంపెనీదో కామెంట్లో పెట్టండి, ఏ సైజు తీసుకోవాలో చెప్తాను.