తనిఖీకి ముందు కడిగే తొట్టి చూసుకో

చిన్నా,

మీ తోటకి ఆహార పరిశుభ్రత తనిఖీ వాళ్లు వస్తున్నారని ఫైళ్లు ముందేసుకుని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఫైళ్ల సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడు. పచ్చిగా తినే పంటలకు ఏ దేశం రూల్స్ తీసుకున్నా, 2003లో కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) వాళ్లు ఇచ్చిన పరిశుభ్రత నియమావళి తిరగేసినా, చివరికి తేలేది నీళ్లు, ఎరువు, చేతులు, రాసిపెట్టుకోవడం, అంతే.

డ్రిప్‌లో వేరుకి పడే నీళ్లు వేరు, ఆకు మీద పడేవి వేరు, కోసిన కాయను కడిగేవి పూర్తిగా వేరు. ఈ చివరివి తాగేంత శుభ్రంగా ఉండాలి, ల్యాబ్‌కి పంపితే 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై, అంటే మలం కలిసిందని చెప్పే బాక్టీరియా, అసలు కనపడకూడదు. ఇంకోటి, ఎండలో కోసిన టమాటాను అలాగే తెచ్చి చల్లటి తొట్టిలో పడేస్తారు చూడు, అది చాలా తప్పు. కాయ లోపలి గాలి ముడుచుకుని, తొడిమ ఊడిన చోటు నుంచి నీళ్లు లోపలికి లాగేస్తుంది, ఆ నీళ్లలో ఏముంటే అదీ పోతుంది, ఇక పైన ఎంత కడిగినా లాభం లేదు. అందుకే తొట్టి నీళ్లు కాయ కంటే ఓ 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలంటారు. క్లోరిన్ వేస్తున్నాం కదా అనకు. మట్టీ ఆకులూ కలిసేకొద్దీ క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది, నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) 7.5 దాటితే మిగిలిందీ సరిగ్గా పనిచేయదు. అసలు దాని పని కాయను శుద్ధి చేయడం కాదు, ఒక కాయ మీది క్రిములు తొట్టిలో మిగతా వాటికి అంటకుండా చూడటం.

పచ్చి పేడ కోత దగ్గరపడ్డాక వేయొద్దు. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో తినే భాగం నేలకు తగిలే పంటకైతే కోతకు 120 రోజుల ముందే ఆపాలి, తగలని పంటకైతే 90. కంపోస్టు చేస్తానంటావా, కుప్పలో థర్మామీటర్ గుచ్చి వేడి రోజూ రాసుకో, చివికిందని కంటితో చూసి చెప్తే ఎవరూ ఒప్పుకోరు.

చేతులు కడిగే చోట సబ్బు, పారే నీళ్లు ఎలాగూ పెడతావు. విరేచనాలున్నవాళ్లు కోతకు రావద్దని బోర్డు కూడా పెడతావు. కానీ కూలి పోతుందంటే ఎవడు చెప్తాడు? ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపు, లేదా కాయ ముట్టని పని చెప్పు. నన్నడిగితే బోర్డు కన్నా ఇదే పనిచేస్తుంది.

ఇక రిజిస్టర్. ఏ మడిలో ఏ రోజు ఏం కోశావు, ఏ మందు ఎప్పుడు కొట్టావు, సరుకు ఎవరికి పోయింది, ఇవన్నీ ఏ రోజుకారోజు రాయి. నెలంతా ఒకే పెన్నుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా నీటుగా ఉంటే ముందు రాత్రి కూర్చుని రాశావని ఇట్టే పట్టేస్తారు.

నీళ్ల రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న