అద్దె ఇంటి లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగిని. ఏడాదికి జీతం రూ.11.4 లక్షలు. సొంతింట్లోనే ఉంటున్నాం. మియాపూర్‌లో రూ.50 లక్షలకు పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఒకటి చూశాను. కిరాయి నెలకు 17 వేలు వస్తుందట. ఆ కిరాయితోనే ఈఎంఐ గడిచిపోతుందని, పైగా 2 లక్షల దాకా పన్ను మినహాయింపు ఉంటుందని బ్రోకరు అంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ కిరాయి మీ ఈఎంఐలో సగానికి కూడా రాదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతమే గరిష్ఠం. అంటే 40 లక్షలు బ్యాంకు ఇస్తుంది, 10 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను బ్యాంకు ఇంటి విలువలో కలపదు. తెలంగాణలో అవన్నీ కలిపి 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. రంగులు, రిపేర్లు మొదలుపెట్టక ముందే మీ చేతి నుంచి పోయేది 13.75 లక్షలు.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు 40 లక్షలు తీసుకుంటే ఈఎంఐ రూ.34,713. ఏడాదికి దాదాపు రూ.4,16,500. కిరాయిని పన్నెండు నెలలకు లెక్కేయకండి. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు పోయే రోజులకు ఏడాదికి ఒక నెల తీసేయాలి. ఆ నెలల్లో అసోసియేషన్ మెయింటెనెన్సు కూడా మీ మీదే పడుతుంది. పదకొండు నెలలకు రూ.1,87,000. అందులో ఇంటి పన్నుకు 5 వేలు, ప్లంబింగు, గీజరు, రంగుల వంటి వాటికి 15 వేలు తీస్తే మిగిలేది రూ.1,67,000. అంటే నెలనెలా జీతంలోంచి దాదాపు 20,800 వేసుకోవాలి. మీ మొత్తం ఖర్చు 53.75 లక్షల మీద చూస్తే చేతికి వచ్చేది 3.1 శాతం, బ్యాంకుకు కట్టేది 8.5 శాతం. ఈ తేడా పూడాలంటే ఫ్లాటు ధర పెరగాలి. అది కచ్చితంగా పెరుగుతుందని మీకు ఎవరూ రాసివ్వరు.

ఇక పన్ను సంగతి. కిరాయి 1,87,000లోంచి కట్టిన ఇంటి పన్ను 5 వేలు తీసి, మిగిలినదాంట్లో 30 శాతం నిర్వహణ కింద తీసేస్తే రూ.1,27,400. మొదటి ఏడాది వడ్డీ సుమారు 3.37 లక్షలు. కాబట్టి ఇంటి మీద నష్టం 2 లక్షల పైచిలుకు. ఆదాయపన్ను పాత పద్ధతిలో అందులో 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. బ్రోకరు చెప్పింది ఇదే. కానీ 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్నే లేదు. మీ జీతానికి ఇప్పటికే పన్ను సున్నా. లేని పన్నులో మినహాయింపు ఎక్కడిది? ఆ 2 లక్షల మాటను మీ లెక్కలోంచి పూర్తిగా కొట్టేయండి.

వడ్డీ ఇలాగే ఉంటుందనీ అనుకోవద్దు. 9 శాతానికి చేరితే బ్యాంకులు సాధారణంగా ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పెంచేస్తాయి. మీ అప్పుకు ఆ అర శాతం వల్ల మొదట్లోనే 27 నెలలు అదనంగా పడతాయి. గడువు పెంచకుండా ఈఎంఐ పెంచమని అడిగే వీలు మీకుంది, అడగండి. ఈఎంఐ రూ.35,989 అవుతుంది.

మా మాట అడిగితే, నెలకు 21 వేలు ఇబ్బంది లేకుండా వేసుకోగలిగి, ఆరు నెలల ఈఎంఐ, అంటే సుమారు 2.1 లక్షలు, విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటేనే ముందుకెళ్లండి. ఖర్చులు పోగా మిగిలే కిరాయే ఈఎంఐ మోయాలంటే అప్పు 16 లక్షలకు మించకూడదు. దానికి ఈఎంఐ రూ.13,885. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినా వ్యక్తులకు జరిమానా లేదు కాబట్టి, బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కట్టుకోవచ్చు.

ఒకవేళ కొంటే ఒక జాగ్రత్త. ధర సరిగ్గా 50 లక్షలైనా 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీరే కోసుకుని, అమ్మేవాళ్ల పాన్ మీద కట్టాలి. అంటే వాళ్ల చేతికి 49.5 లక్షలే ఇస్తారు. మరచిపోతే వడ్డీ, ఆలస్య రుసుము మీకే పడతాయి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ప్లానులో లేని పెంట్‌హౌస్ అయితే ఎంత చవకగా వచ్చినా వద్దు. దానికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, రేపు మీరు అమ్మబోయినా అదే సమస్య.

ప్రశ్న: మా పై అంతస్తులో ఒక కుటుంబం నాలుగేళ్లుగా కిరాయికి ఉంటోంది. నెలకు 9 వేలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటూ వచ్చాం. రెండేళ్లుగా అదీ రాయలేదు. మా అబ్బాయి పెళ్లికి ఇల్లు కావాలంటే ఖాళీ చేయడం లేదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పదకొండు నెలలకైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటని లీజులకు ఆ వెసులుబాటు ఉన్నమాట నిజమే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ క్లాజును సవరించి, స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. స్టాంపు తక్కువైతే కోర్టులో పత్రం చూపించినప్పుడు పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు. ఇకపై రాసుకునేవి రిజిస్టర్ చేయించండి.

అయినా మీరు చిక్కులో పడిపోలేదు. కాగితం లేకపోయినా నెలనెలా కిరాయి ఇస్తున్నారు కాబట్టి వాళ్లు నెలసరి కిరాయిదారులే. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. వకీలుతో రాయించి, చేరినట్లు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కిరాయి బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే నాలుగేళ్ల స్టేట్‌మెంట్లు తీసి పెట్టుకోండి, కిరాయిదారీకి అదే గట్టి రుజువు. నోటీసు గడువు దాటాక వచ్చే డబ్బును మాట్లాడకుండా తీసుకుంటే నోటీసును వదులుకున్నట్లు వాళ్లు వాదిస్తారు. ఏ ఉద్దేశంతో తీసుకుంటున్నారో రాసి పంపాకే తీసుకోండి. నగరపాలక సంస్థ పరిధిలో నెలకు రూ.3,500 దాటిన కిరాయిలకు కిరాయి నియంత్రణ చట్టం వర్తించదు కాబట్టి మీ దారి సివిల్ కోర్టే.

కరెంటు తీసేయడం, నీళ్లు ఆపడం, తాళం వేయడం మాత్రం ఎంత కోపం వచ్చినా చేయకండి. వాళ్లు కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకుంటే మీ కేసే వెనక్కి పోతుంది. దావాకు ముందు ఒకసారి పెద్దమనిషిని కూర్చోబెట్టి, అడ్వాన్సు మొత్తం వాపసు, చివరి నెల కిరాయి మాఫీ అని చెప్పి చూడండి. కోర్టు ఖర్చుతో పోలిస్తే ఆ 9 వేలు పెద్ద మొత్తం కాదు.

ప్రశ్న: ఇల్లు మా ఆవిడ పేరు మీద కొన్నాను. డబ్బంతా నాదే. ఆవిడకు వేరే ఆదాయం లేదు కాబట్టి అద్దెకు పన్ను ఉండదు కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంటుంది. ఆ అద్దె మీ ఆదాయంలోనే కలుస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. హైదరాబాద్ ఫ్లాటుకు నెలకు 45 వేల అద్దె. 50 వేలు దాటలేదు కాబట్టి టీడీఎస్ అక్కర్లేదని అద్దెకున్నవారు అంటున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: 50 వేల హద్దు, 2 శాతం రేటు ఇక్కడ నివసించే యజమానులకు. యజమాని ఎన్నారై అయితే ఎంత తక్కువ అద్దెకైనా 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం కోయాలి. 45 వేలలో అది రూ.14,040. అందుకు అద్దెకున్నవారు టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఆదాయపన్ను శాఖ ఇచ్చే నంబరు) తీసుకుని, మూడు నెలలకోసారి లెక్క దాఖలు చేయాలి. కోయకపోతే బాధ్యత వాళ్ల మీద పడుతుంది కాబట్టి, దిగేముందే ఈ మాట చెప్పడం మర్యాద. మీ అసలు పన్ను అంత ఉండకపోతే తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, లేదా ఇక్కడ రిటర్ను వేసి వాపసు తీసుకోవచ్చు. అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే బ్యాంకు ఖాతా) పడాలి. అమెరికా రిటర్నులోనూ ఈ అద్దె చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ వస్తుంది.

ప్రశ్న: అద్దెకిచ్చిన మా ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి కింది వాళ్ల సీలింగుకు చెమ్మ దిగుతోంది. టైల్సన్నీ పగలగొట్టాలని మేస్త్రీ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పగలగొట్టే ముందు రెండు పరీక్షలు చేయించండి. అద్దెకున్నవాళ్లు ఆ బాత్‌రూమ్‌ను రెండు రోజులు వాడకుండా, కొళాయిలన్నీ కట్టి, పైపుల్లో నీళ్లు మాత్రం ఉంచండి. అయినా కింద చుక్కలు ఆగకపోతే లీకు గోడలోని నీళ్ల పైపుది. ఆగితే, ఫ్లోర్ ట్రాప్‌ను (నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని) గుడ్డతో బిగించి నేల మీద రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. చెమ్మ మళ్లీ వస్తే తప్పు టైల్స్ సందుల్లోనో, ట్రాప్ చుట్టూనో ఉంది. అప్పుడు ముందు పాత గ్రౌటు గీకించి ఎపాక్సీ గ్రౌటు పెట్టించండి, ట్రాప్ చుట్టూ సీల్ చేయించండి. దాంతో ఆగకపోతేనే టైల్స్ తీయించి వాటర్‌ప్రూఫింగు వేయించాలి. అప్పుడు కూడా కొత్త టైల్స్ అంటించక ముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించమనండి. ఆ పరీక్ష అయ్యాకే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వండి.