ఎయిర్‌ఫోర్స్ రన్‌వే దగ్గర ఇల్లు: ఆ మోతతో ఎలా బతకాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హైదరాబాద్ శివార్లలో ఎయిర్‌ఫోర్స్ రన్‌వేలున్న హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. అన్నిట్లోనూ బాధ ఒకటే కాబట్టి నాలుగైదు ఎంచుకుని కాస్త వివరంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: అల్వాల్ దాటాక హకీంపేట వైపు లోన్ పెట్టి ఫ్లాట్ కొన్నామండీ. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ ఆదివారమే వెళ్లాం, అప్పుడంతా ప్రశాంతంగా ఉంది. ఇంట్లో దిగాక సోమవారం పొద్దున్నే అసలు సంగతి తెలిసింది. ఒక విమానం పోయిందిలే అనుకునేలోపే ఇంకోటి వస్తుంది, అలా మధ్యాహ్నం దాకా ఆగదు. ఆరు నెలల పాప ఉలిక్కిపడి లేచి ఏడుస్తోంది. మా అత్తగారికి బీపీ, ఆమెకు ఇంకా టెన్షన్. బిల్డర్‌ని అడిగితే "ఎయిర్‌ఫోర్స్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉందమ్మా, భయం లేదు" అంటాడు. పాప చెవులకు ప్రమాదమా? ఎవరికి చెప్పుకోవాలి? అమ్మేయమంటారా?
– ఓ పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందు పాప సంగతి చెబుతానమ్మా, మీ గుండెల్లో ఉన్నది అదే కదా. వినికిడి దెబ్బతినే ప్రమాదానికి నిపుణులు మామూలుగా పెట్టుకునే లెక్క, 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేయడం. ఇంటిమీదుగా పోయే జెట్ బయట అంతకంటే గట్టిగానే వినిపించవచ్చు, కానీ అది కొన్ని సెకన్ల మాట. తలుపులు వేసిన గదిలోకి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో పడుకున్న పాపకు చెవుడు వస్తుందని భయపడకండి. పుట్టినప్పుడు చేసే వినికిడి పరీక్ష చేయించకపోతే మాత్రం ఈ వంకనైనా ఇప్పుడు చేయించండి.

అంతమాత్రాన ఈ మోత వల్ల ఏ హానీ లేదని నేను అనను. హాని నిద్రలో ఉంది, చదువులో ఉంది, రక్తపోటులో ఉంది. విమానాల మోత రోజంతటి సగటున 45 డెసిబెల్స్, రాత్రిపూట 40 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం రాసిన మార్గదర్శకాల్లో సూచించింది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గర బడులకు వెళ్లే తొమ్మిది పదేళ్ల పిల్లలను పరిశీలించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. మోత పెరిగేకొద్దీ పిల్లలు చదివింది అర్థం చేసుకోవడంలో వెనకబడటం అందులో కనిపించింది. మ్యూనిక్‌లో పాత విమానాశ్రయం 1992లో మూతపడ్డాక దాని దగ్గరి పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మళ్లీ మెరుగుపడ్డాయి. కొత్త విమానాశ్రయం పక్క పిల్లలకు అవే తగ్గాయి. ఇందులో మీకు ధైర్యం చెప్పే మాట కూడా ఉంది, మోత తగ్గితే పిల్లలు కోలుకుంటారు. అందుకే ఇల్లంతా కాకపోయినా పాప పడుకునే ఒక్క గదినైనా బాగుచేయమంటాను.

ఆ గది రన్‌వే వైపు కిటికీ లేనిదైతే మేలు. పగలు ఫ్యాన్ ఆపి, ఒక అగరుబత్తి వెలిగించి కిటికీ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ పక్కకు లాగినట్టు పోతుందో అక్కడ గాలి దూరుతోందన్నమాట, మోత వచ్చేదీ ఆ సందులోంచే. మన అపార్ట్‌మెంట్లలో ఉండే అల్యూమినియం స్లైడింగ్ కిటికీల్లో, రెండు తలుపులు కలిసే చోట బ్రష్ లాంటి సన్నటి ఊలు పట్టీ ఉంటుంది, అది కొన్నాళ్లకు అరిగిపోతుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. ముందు అది మార్పించండి. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన కన్నం, తలుపు కింద సందు, బాత్రూమ్ వెంటిలేటర్, వీటి సంగతి కూడా చూడండి, పెద్ద ఖర్చు కాదు. ఇంకా డబ్బు పెట్టగలిగితే ఉన్న కిటికీ తీయకుండా, లోపలివైపు నాలుగు అంగుళాల ఎడంతో, లామినేటెడ్ అద్దంతో, రబ్బరు పట్టీతో బిగుతుగా మూసుకునే రెండో కిటికీ పెట్టించండి. ఆ మధ్య ఎడమే పని చేసేది. గోడకు ఫోమ్ షీట్లు, గుడ్ల ట్రేలు అంటించమని ఎవరైనా చెబితే వినొద్దు, అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయేమో గానీ బయటి జెట్‌ను ఆపవు. వంటగదిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలా మూసేయకండి, గ్యాస్ ఉంటుంది. పాప నిద్రపోవడానికి చెవి పక్కన ఫోన్‌లో వాన చప్పుడు గట్టిగా పెట్టడం కూడా మంచిది కాదు, పెట్టినా దూరంగా, చిన్నగా పెట్టండి. అత్తగారి బీపీ ఫ్లయింగ్ ఉన్న రోజు పొద్దున, లేని ఆదివారం పొద్దున చూసి రాసుకోండి, ఆ కాగితం డాక్టర్‌కు చాలా ఉపయోగపడుతుంది.

ఇక బిల్డర్ చెప్పిన ఎన్‌ఓసీ మాట. ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ ఎన్‌ఓసీ మీ బిల్డింగ్ ఎత్తుకు ఇచ్చింది. విమానాల దారికి కట్టడం అడ్డు రాకుండా ఎత్తు మీద పరిమితులున్నాయి, 2015లో కేంద్రం దీనికి ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అంటే మీ బిల్డింగ్ వల్ల విమానానికి ఇబ్బంది లేదని ఆ కాగితం చెబుతుంది. విమానం వల్ల మీకు ఇబ్బంది ఉందా లేదా అన్నది అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. అది చూపించి భయం లేదనడం మోసం, నేను ఆ మాటే వాడతాను.

మీ ఇంటిమీద అన్నిసార్లు ఎందుకు తిరుగుతాయంటే అది శిక్షణ కేంద్రం గనుక. హకీంపేటలో ఏళ్ల తరబడి కుర్ర పైలట్లు కిరణ్ జెట్ల మీద నేర్చుకున్నారు, హెలికాప్టర్ శిక్షణ కూడా అక్కడే. నేర్చుకునేవాళ్లు లేవడం, గుండ్రంగా చుట్టి రావడం, చక్రాలు నేలకు తాకించి ఆగకుండానే మళ్లీ లేవడం, ఇదే పనిగా చేస్తారు. ఒక్క విమానమే మీకు పది విమానాల్లా వినిపించడానికి కారణం అది. ఇంకోటి, విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది. మన దగ్గర వానాకాలం గాలి పడమటి నుంచి, చలికాలం తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి మోత ఎక్కువ పడే వైపు కూడా కాలంతోపాటు మారుతుంది. అందుకే రెండు కాలాలూ చూడకుండా అమ్మకం మాట ఎత్తొద్దంటాను. ఇప్పుడు ఆదరాబాదరాగా అమ్మితే నష్టపోయేది మీరే.

ఫిర్యాదు ఒక్కరే చేయకండి, అసోసియేషన్ తరఫున ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ అధికారి పేరున మర్యాదగా ఉత్తరం రాయండి. తేదీ, సమయం, ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో రాసిన పట్టిక జతచేయండి. "ఆపండి" అని రాస్తే ఏమీ జరగదు. "రాత్రి ఫ్లయింగ్ ఉండే వారాలు ముందే చెప్పగలరా, పదో తరగతి పరీక్షల రోజుల్లో పరీక్ష జరిగే బడి మీదుగా కాకుండా చూడగలరా" అని అడిగితే ఆలోచించే అవకాశం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో రక్షణశాఖకు కూడా పెట్టుకోవచ్చు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్న మాట నిజమే, కానీ అది పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళితే మీ రోజు వృథా అవుతుంది తప్ప మిలిటరీ శిక్షణ ఆగదు.

ప్రశ్న: బహదూర్‌పల్లిలో ఉంటాం. విమానాలు పోతుంటే కిటికీలు గలగలమంటాయి. ఈ మధ్య హాలు గోడలో పగుళ్లు వచ్చాయి. జెట్లు సౌండ్ బారియర్ (ధ్వని వేగం) దాటడం వల్లే అంటున్నారు. నష్టపరిహారం వస్తుందా?

జవాబు: మీ దగ్గరున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కొత్త క్యాడెట్లు ఎక్కువగా నడిపేది పిలాటస్ అనే శిక్షణ విమానాలు. వాటికి ముందు ప్రొపెల్లర్ ఉంటుంది, ధ్వని వేగానికి దరిదాపుల్లోకి కూడా రావు. ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో జరిగే గ్రాడ్యుయేషన్ పరేడ్ ముందు రిహార్సల్స్ వల్ల జెట్ల హోరు బాగా పెరుగుతుంది, అది కొన్నాళ్లే. నిజంగా ధ్వని వేగం దాటితే ఎలా ఉంటుందో 2020 మే 20న బెంగళూరు వాళ్లు విన్నారు. ఊరికి దూరంగా ఎగిరిన వైమానిక దళ పరీక్షా విమానం చప్పుడుకే భూకంపమేమోనని నగరమంతా హడలిపోయింది. మీ దగ్గర రోజూ వినిపించేది అది కాదు. అద్దాలు గలగలమనేది ఫ్రేములో వదులుగా ఉండటం వల్ల, రబ్బరు బీడింగ్ మారిస్తే పోతుంది. పగుళ్ల రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. కొన్ని నెలల్లో గీత దాటి ముందుకు పోతే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి, పునాది సంగతో, బ్లాకుల అతుకుల సంగతో ఆయన చూస్తారు. ఆయన రిపోర్టు లేకుండా పరిహారం మాట అడిగి లాభం లేదు.

ప్రశ్న: నేను వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యాను. అకాడమీ వచ్చినప్పుడు చుట్టూ పొలాలు. ఇప్పుడొచ్చి ఇళ్లు కట్టుకుని చప్పుడు చప్పుడు అంటే ఎలా? దేశం కోసం ప్రాణాలు పణంగా పెట్టే పిల్లలు వాళ్లు.

జవాబు: మీ బాధ అర్థమైంది సార్. అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు, ఇప్పుడున్న విల్లాల్లో ఒక్కటీ అప్పుడు లేదు. 2023 డిసెంబర్ 4న అక్కడి నుంచి లేచిన పిలాటస్ మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి, శిక్షకుడూ క్యాడెట్టూ ఇద్దరూ చనిపోయారు. మా పాఠకుల్లో ఎవరూ ఆ పిల్లలను తప్పుపట్టడం లేదు. కానీ పొలాలను లేఅవుట్లుగా మార్చడానికి అనుమతి ఇచ్చింది ఎవరు? కొనేవాడికి ఒక్క మాట చెప్పకుండా అమ్మింది ఎవరు? ఆ నిందను నెలనెలా ఈఎంఐ కడుతున్న కుటుంబం మీద వేయడం న్యాయం కాదు.

అయితే ఇళ్లలో ఉండేవాళ్లు పైలట్లకు చేయాల్సిన మేలు ఒకటుంది, మీలాంటివారు కాలనీల్లో చెబితే వింటారు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త వేయడం, జంతువులను కోయడం విమాన నియమాల ప్రకారం నిషేధం. మాంసం దుకాణాల వ్యర్థాలను నాలా పక్కన పారేస్తే గద్దలు చేరతాయి, అదే ఎత్తులో కొత్తగా నేర్చుకునే కుర్రాడి విమానం వస్తుంది. గద్ద ఇంజన్‌లోకి పోతే అతడికీ ప్రమాదమే, కింద ఉన్న మనకూ ప్రమాదమే.

ప్రశ్న: అమెరికాలో వర్జీనియా బీచ్‌లో మా అబ్బాయి ఇల్లు చూస్తున్నాడు. అక్కడ నేవీ జెట్ల మోత విపరీతమట. కొనొచ్చా?

జవాబు: అక్కడ ఓషియానా నేవీ స్థావరం ఉంది, సూపర్ హార్నెట్ జెట్లు. మన శిక్షణ విమానాలతో పోలికే లేదు, చాలా గట్టి మోత. పక్క ఊరు చెసపీక్‌లోని ఫెంట్రెస్ రన్‌వే మీద, విమానవాహక నౌకపై దిగడాన్ని రాత్రిళ్లు కూడా సాధన చేస్తారు. 2012 ఏప్రిల్ 6న ఓషియానా నుంచి లేచిన జెట్ ఒకటి అపార్ట్‌మెంట్ల మీద కూలింది, అదృష్టవశాత్తూ ఒక్క ప్రాణం కూడా పోలేదు. అయినా ఒక విషయంలో మీ అబ్బాయి మనవాళ్ల కంటే మెరుగైన స్థితిలో ఉన్నాడు. మోత పడే ప్రాంతాలకు, విమానం కూలే అవకాశం ఎక్కువున్న ప్రాంతాలకు అక్కడ మ్యాపులు గీసి పెట్టారు. ఇల్లు ఏ జోన్‌లో ఉందో ఆ మ్యాపులో చూసుకోవచ్చు, కొనేవాళ్లకు చెప్పే విషయంలో అక్కడ చట్టం కూడా ఉంది. సంతకానికి ముందే ఆ వివరం రాతపూర్వకంగా అడగమనండి. రోజంతటి సగటు మోత 75 డెసిబెల్స్ పైబడిన జోన్ అయితే వద్దనే నా సలహా. మన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్‌లో కూడా "ఈ ప్రాజెక్టు మిలిటరీ రన్‌వేకు ఇంత దూరంలో, ఈ దిక్కున ఉంది" అని ఒక్క లైను తప్పనిసరి చేస్తే ఈరోజు నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం వచ్చేవి కావు. మన ఎమ్మెల్యేలను అడగాల్సింది ఇది.

ప్రశ్న: విశాఖలో గోపాలపట్నం వైపు ఇల్లు చూపించారు. భోగాపురం విమానాశ్రయం వచ్చాక ఇక్కడ విమానాలే ఉండవు, రేటు పెరుగుతుంది, ఇప్పుడే కొనేయండి అంటున్నాడు ఏజెంట్.

జవాబు: భోగాపురం తరలేది ప్రయాణికుల విమానాలు. విశాఖ విమానాశ్రయం రన్‌వే ఉన్న ఐఎన్ఎస్ డేగా నేవీ స్థావరం, అది ఎక్కడికీ పోదు. పౌర విమానాలు తగ్గితే నేవీ తన ఫ్లయింగ్‌కు ఆ ఖాళీ సమయాన్ని వాడుకునే అవకాశం కూడా ఉంది. కాబట్టి ఏజెంట్ మాట మీద అడ్వాన్స్ ఇవ్వొద్దు. వారం మధ్యలో, పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి ఆ వీధిలో గంటసేపు కూర్చోండి. పై అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లతో మాట్లాడండి, అమ్ముకునే పని లేనివాళ్లు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతారు. కుదిరితే అదే వీధిలో కొన్నాళ్లు అద్దెకుండి ఆ తర్వాత కొనండి.