కమిలిన మచ్చ పడినందుకా, కొట్టినందుకా: మా పెద్దమ్మ విషయంలో నేను తెలుసుకున్నది

మీరు రెండు సంగతులు అడిగారు. మీ మేనత్తగారి ఒంటి మీద తరచూ కనిపిస్తున్న కమిలిన మచ్చలు ఆమె పడినందువల్ల వచ్చినవా, కొట్టినందువల్ల వచ్చినవా అన్నది మొదటిది. అది ఖచ్చితంగా తేలకుండానే చట్టాన్ని ఆశ్రయించవచ్చా అన్నది రెండవది. నేను వైద్యురాలినీ కాను, న్యాయవాదినీ కాను. మా పెద్దమ్మను కన్నకొడుకే కొడుతున్నాడని గ్రహించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ వ్యవధిలో నేను చేసిన పొరపాట్లు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

అందరిలాగే నేను మొదట రంగు చూశాను. మచ్చ పసుపు రంగుకు తిరిగితే అది వారం కిందటిదని, మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, చెప్పిన ‘నిన్న పడింది’ అన్న మాట అబద్ధమని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పు. 2005లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 65 ఏళ్లు దాటిన 101 మందిని రోజూ పరీక్షించి, ప్రమాదవశాత్తు ఏర్పడిన మచ్చలు ఎలా మారతాయో పరిశీలించారు. కొన్ని మచ్చలు మొదటి రోజే పసుపు రంగులో కనిపించాయి. రంగును బట్టి మచ్చ ఎన్నాళ్లదో చెప్పలేమని తేలింది గాని, చోటును బట్టి మాత్రం చాలా తెలిసింది. ఆ మచ్చల్లో దాదాపు 90 శాతం చేతుల మీద, కాళ్ల మీద ఉన్నాయి. మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద, అరికాళ్లలో ఒక్కటీ లేదు. దెబ్బలు తిన్నవారిని పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో మచ్చలు పెద్దవిగా, తరచూ 5 సెంటీమీటర్లకు మించి, ముఖం మీద, వీపు మీద, కుడి చేతి బయటి వైపు ఎక్కువగా కనిపించాయి. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న తాకిడికే మచ్చలు పడతాయి కనుక, చేతుల మీద మచ్చలు కనబడినంత మాత్రాన ఎవరినీ నిందించలేము. అలాగని ఆ మందుల పేరు చెప్పి చెవి వెనుక మచ్చను కొట్టిపారేయనూ లేము.

మా పెద్దమ్మ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని కూర్చునేది. ఒకసారి మందు రాయబోతే స్వెటర్ పైకి జరిగింది. దండచేయి లోపలి వైపు వరుసగా నాలుగు చిన్న మచ్చలు, బయటి వైపు ఒక్కటి. నా చేతిని దాని మీద ఆనించి చూడవలసిన పని లేకపోయింది. పడినవారికి మోచేతి ఎముక దగ్గర, మోకాలి చిప్ప మీద దెబ్బ తగులుతుంది గాని, దండచేతి లోపలి మెత్తని భాగంలో అయిదు వేళ్ల గుర్తు పడదు.

ఆ రోజు నేను చేసిన పనే పెద్ద పొరపాటు. నేరుగా అన్నయ్య దగ్గరికి వెళ్లి నిలదీశాను. అతను అరవలేదు, మరునాటి నుంచి పెద్దమ్మ ఫోను మూగబోయింది, ఎప్పుడు వెళ్లినా ‘నిద్రపోతోంది’ అనే జవాబు. నెల రోజులు ఆమెను చూడలేకపోయాను. చివరికి వైద్యురాలే పరీక్ష నెపంతో అతన్ని బయట కూర్చోబెట్టి, ‘ఇది ఎలా తగిలింది’ అని ఒక్క మాట అడిగితే, పెద్దమ్మ వెంటనే చెప్పింది: ‘వాడికి కోపం వస్తే మనిషి కాదమ్మా. తగ్గాక మళ్లీ వాడే కాళ్లు పట్టుకుంటాడు.’ ఏడు నెలల్లో ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు నేను ఒక్కసారి కూడా అడగలేదు. 2009 అధ్యయనంలో దెబ్బలు తిన్నవారిలో పదింట తొమ్మిది మంది తమ మచ్చలు ఎలా వచ్చాయో చెప్పగలిగారు. వారిలో జ్ఞాపకశక్తి తగ్గినవారూ చాలా మంది ఉన్నారు. కనుక ‘ఆవిడకు మతిమరుపు, ఏదో చెబుతుంది’ అనే మాటను నమ్మకండి.

‘వాణ్ణి జైల్లో పెట్టించకే’ అన్నది పెద్దమ్మ ఆ తర్వాత నాతో అన్న మొదటి మాట. చాలామంది పెద్దలు నోరు విప్పకపోవడానికి కారణం ఇదే. క్రిమినల్ కేసు వేరు, రక్షణ ఉత్తర్వు వేరు అని ఆమెకు నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. రక్షణ ఉత్తర్వు శిక్ష కోసం కాదు; కొట్టవద్దని, దగ్గరికి రావద్దని, అవసరమైతే ఇల్లు వదలమని న్యాయస్థానం ఇచ్చే ఆజ్ఞ. దాన్ని మీరితేనే అది నేరమవుతుంది. శిక్ష వేయడానికి కావలసినంత రుజువు దీనికి అక్కరలేదు కాబట్టి, మీ రెండవ ప్రశ్నకు జవాబు ‘ఆశ్రయించవచ్చు’ అనే. పేర్లు, షరతులు దేశాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో 2005 నాటి గృహహింస చట్టం కింద తల్లి కూడా కొడుకు మీద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఆమె తరఫున మరొకరు కూడా దరఖాస్తు చేయవచ్చు, అవతలి పక్షం లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సద్బుద్ధితో తెలిపినవారి మీద కేసు ఉండదు. ఆ చట్టం స్త్రీలకే వర్తిస్తుంది గనుక బాధితుడు పురుషుడైతే పోలీసు ఫిర్యాదు, 60 ఏళ్లు దాటినవారి కోసం 2007లో వచ్చిన చట్టం చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 65 ఏళ్లు దాటినవారికి ప్రత్యేక నిరోధక ఉత్తర్వు ఉంది. దానికి దాఖలు రుసుము లేదు.

విచారణలో మా వాదన కంటే మా కాగితాలే ఎక్కువ పనిచేశాయి. ప్రతి మచ్చనూ కనబడిన రోజే ఫొటో తీయండి. ఒకదానిలో ముఖం కూడా కనిపించాలి, మరోదానిలో కొలత తెలిసేలా పక్కన స్కేలు ఉండాలి. పెద్దమ్మ అన్న మాటలను ఆమె మాటల్లోనే రాయమని వైద్యురాలిని కోరాము. ‘పడినట్లు చెప్పారు’ అని ఎవరు చెప్పారో రాయకుండా వదిలేసిన పాత చీటీలు మాకు అడ్డు తగిలాయి. ప్రాణభయం కనిపిస్తే మాత్రం ఇవేవీ కూడబెడుతూ కూర్చోకుండా పోలీసులను పిలవండి.

ఇంకొకటి, నాకు ఆలస్యంగా తట్టినది. ఉత్తర్వు వచ్చి అన్నయ్య ఇల్లు వదిలిన రాత్రి తొమ్మిదింటికి పెద్దమ్మ ఇన్సులిన్ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రోజూ సూది వేసేది అతనే. మీరు దరఖాస్తు పెట్టే ముందే మీ మేనత్తగారికి మందులు, స్నానం, రాత్రి తోడు ఎవరు చూసుకుంటారో పేర్లతో సహా రాసి పెట్టుకోండి.