చిన్న వ్యాపారాలు డిజిటల్ కావడంలో మేనేజర్ల నిర్ణయాలకు నిజంగా అంత పాత్ర ఉందా?

ఉంది. నన్నడిగితే మొత్తం అక్కడే ఉంది. మాది రాయదుర్గం, జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్.

మూడేళ్ల కిందట, దసరా సీజను. బెంగళూరు పార్టీకి లోడు ఎక్కించాం, ఈ-వే బిల్లు రావట్లేదు. సరుకు యాభై వేలు దాటితే అది లేకుండా బండి కదలకూడదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నిసార్లు కొట్టినా ఎర్రరే. అంతకుముందు ఆ కంపెనీ సర్వీసు కుర్రాడు అనంతపురంలో ఉండేవాడు. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి బస్సు దిగేవాడు. ఖర్చు తగ్గించాలని వాళ్ల రీజినల్ మేనేజర్ ఆ ఆఫీసు ఎత్తేసి, సపోర్టంతా ముంబై కాల్ సెంటర్‌కు మార్చాడు. అక్కడ ఫోనెత్తినామె హిందీలో అడుగుతోంది. మా గుమాస్తా మామకు తెలుగు, కన్నడం తప్ప రావు. స్క్రీన్ మీద వేలు పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివి చెబుతుంటే ఆయన చెయ్యి వణకడం చూశాను. బయట డ్రైవర్ హారన్ మీద హారన్.

చివరికి ఆ పాత కుర్రాడికే ఫోన్ చేశాం. అప్పటికే వేరేచోట చేరాడు పాపం. "పార్టీ పిన్‌కోడ్ చదువు మామా" అన్నాడు. మొదట్లో బెంగళూరుకు 560 ఉండాల్సిన చోట 650 పడింది. రాష్ట్రంతో కలవక బిల్లు ఆగింది. రెండు నిమిషాల పనికి నాలుగు గంటలు పోయాయి.

సీమ వ్యాపారులకు టెక్నాలజీ ఎక్కదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 2017లో జీఎస్‌టీ వస్తే ఇదే మామ యాభై దాటిన వయసులో కీబోర్డు నేర్చుకున్నాడు. మా వీధి చివర బజ్జీలమ్మే అవ్వకు చదువే రాదు. యూపీఐలో డబ్బు పడిందని సౌండ్ బాక్స్ తెలుగులో చెబితే చాలు, తల కూడా ఎత్తకుండా పొట్లం చేతికిస్తుంది. ఆ డబ్బా తెలుగులో మాట్లాడాలని ఎక్కడో ఒక మేనేజర్ అనుకోబట్టే కదా! 2020 జనవరి నుంచి యూపీఐకి వ్యాపారి దగ్గర చార్జీ తీసేయడమూ కలిసొచ్చింది.

ఇక మాలాంటి వాళ్లకు డిజిటల్ నేర్పుతామనే అవగాహన సదస్సులు. వారం మధ్యలో, పదకొండు గంటలకు, అనంతపురం హోటల్లో పెడతారు. ఆ వేళకు అంగడి మూసి ఎవరొస్తారు? 2025లో స్టార్టప్‌లకు, కొత్త ఆలోచనలకు తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ అనంతపురానికీ వచ్చింది, చాలా సంతోషం. అందులో పనిచేసేవాళ్లు ఒక్క పూట మా కటింగ్ టేబుల్ దగ్గర నిలబడి చూడాలని నా కోరిక.

మేమైతే సాఫ్ట్‌వేర్ మార్చేశాం. కొత్త డీలర్ తన మనిషిని నెలకోసారి రాయదుర్గం పంపుతాడు. మా వీధిలో ఇప్పుడు ఆరు యూనిట్లు అదే వాడుతున్నాయి.