తెడ్డు పట్టే చేతులు

చిరంజీవికి ఆశీస్సులు.

ఐర్లండ్ పడమటి కొసన ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. 1953 నవంబరు 17న అక్కడ మిగిలినవాళ్లు ప్రభుత్వ తరలింపులో పడవెక్కడంతో మొదలుపెట్టి, ఎదుటి ఒడ్డు చేరడంతో ముగించావు. భాష బాగుంది. కానీ ఆ ఒక్క రోజునే ఊరు ఖాళీ అయిందని నువ్వు నమ్మినట్టుంది. నా అభ్యంతరమంతా అక్కడే. నేనూ తొలి కథల్లో చివరి రోజును పట్టుకుని వేలాడినవాణ్ణే, అందుకే వెంటనే పోల్చుకున్నాను.

ఆ ద్వీపంలో 1916లో 176 మంది ఉండేవారు. 1953 నాటికి మిగిలింది 22 మంది. మధ్యలో వెళ్లిపోయినవాళ్లను ఏ ప్రభుత్వమూ తరలించలేదు. ముందే అమెరికా చేరిన అక్కో మేనత్తో టికెట్టు డబ్బు పంపితే ఒక్కొక్కరుగా వెళ్లారు. చాలామంది చేరింది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, అక్కడి హంగ్రీ హిల్ అనే పేటకు. కొత్తగా చేరినవాడు కూడబెట్టిన సొమ్ముతో ఇంటి దగ్గర తమ్ముడి ప్రయాణం ఖాయమయ్యేది. బయల్దేరే ముందు రాత్రి చనిపోయినవాళ్లకు చేసినట్టే జాగారం చేసేవారు. ఆ ఏడుపు నీ కథలో ఉంది. టికెట్టు వచ్చిననాడు ఇంట్లో కలిగిన ఊరట మాత్రం లేదు.

ఇప్పుడు పడవ సంగతి చూడు. అక్కడివాళ్లు దాన్ని నేవోగ్ అంటారు: సన్నని చెక్క చట్రం మీద కాన్వాసు బిగించి తారు పూసిన తేలిక పడవ. దాన్ని బోర్లించి, తలలు లోపల దూర్చి, భుజాల మీద మోసుకుంటూ రేవుకు దిగేవారు. ముగ్గురో నలుగురో కూర్చుని, ఒక్కొక్కరు ఒక జత తెడ్లు వేయాలి. ద్వీపంలో దుకాణం లేదు, వైద్యుడు లేడు, చర్చి లేదు. పిండి కావాలన్నా, పాదిరి రావాలన్నా, చివరికి పెద్దవాళ్ల శవాన్ని పూడ్చాలన్నా ఎదుటి ఒడ్డున ఉన్న డూన్ కీన్ ఊరికి తెడ్డు వేయవలసిందే. కనుక ఒక కుర్రవాడు అమెరికా వెళితే ఇంట్లో ఒక కంచంతో పాటు పడవలో ఒక జత తెడ్లూ తగ్గేవి. మిగిలిన ముసలివాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా ఆ సముద్రాన్ని భుజబలం లేకుండా దాటలేరు.

1946 క్రిస్మస్ నాటికి షానీన్ అనే 24 ఏళ్ల యువకుడు జబ్బుపడ్డాడు. తుఫాను వల్ల వైద్యుడు రాలేకపోయాడు. జనవరిలో అతను మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లో, తుఫానులో చిక్కుకున్నాం, తినడానికేమీ లేదు, ఆహారం పంపండి అని ద్వీపవాసులు ప్రధాని డి వలేరాకు తంతి కొట్టారు. జులైలో ఆయన వచ్చి చూసి వెళ్లాడు. తరలింపుకు మరో ఆరేళ్లు పట్టింది. బడి అయితే 1941లోనే మూతపడింది.

ఇంకొకటి. నీ కథలో ద్వీపవాసులు అనాదిగా ఆ రాళ్ల మీదే పుట్టినట్టు రాశావు. ఆ జీవితాన్ని గ్రంథస్థం చేసిన టోమాస్ ఓ క్రిహన్ తండ్రి డూన్ కీన్‌వాడే. పెళ్లితో ద్వీపానికి వచ్చాడు. కథలు చెప్పడంలో పేరెన్నికగన్న పెగ్ సేయర్స్ కూడా 1892లో కోడలిగా వచ్చింది. ఆమె నిజానికి వెళ్లాలనుకున్నది అమెరికాకు. టికెట్టు డబ్బు పంపుతానన్న స్నేహితురాలి చేతికి అక్కడ దెబ్బ తగలడంతో ఆ డబ్బు రానే లేదు. తర్వాత ఆమె పిల్లలు ఆ దేశమే వెళ్లారు. వాళ్లలో తిరిగొచ్చిన కొడుకే ఆమె చెబుతుంటే ఆమె జీవితకథ రాసిపెట్టాడు. నువ్వు వెతుకుతున్న కథ ఈ రాకపోకల్లోనే ఉందని నా అనుమానం.

తిరగరాసేటప్పుడు 1953ను కాసేపు పక్కన పెట్టు. ఏ ఏడాది ఏ పడవలో ఎవరు తెడ్డు వేశారో, ఎవరి చోటు ఖాళీ అయిందో ముందు ఒక విడి కాగితం మీద రాసుకో. ఆ కాగితం కూడా కథతో పాటు నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి